గులాబీల షోకి వెళ్తున్నారా? కొన్ని అపోహలు, అసలు సంగతులు

హైదరాబాద్‌లో చలి మొదలైందంటే గులాబీలు, చామంతులు పెంచేవాళ్ళ ఇళ్ళల్లో ఒకటే హడావుడి. నేను మిద్దె మీద కుండీల్లో గులాబీలు పెంచుతాను, మా తోటల క్లబ్బు ఏటా పెట్టే పూల ప్రదర్శనలో పోటీకి పెడతాను, కొన్నేళ్ళుగా జడ్జీల వెంట మార్కుల కాగితాలు పట్టుకుని తిరిగే పని కూడా చేస్తున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు బల్లల దగ్గర నిలబడి మాట్లాడుకునేవి రోజంతా చెవిన పడుతూనే ఉంటాయి. వాటిలో తప్పు మాటలు చాలా ఉంటాయి. అంత దూరం వచ్చి, అసలు చూడాల్సింది చూడకుండా సెల్ఫీ దిగి వెళ్ళిపోతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అపోహ: అన్నిటికన్నా పెద్ద పువ్వుకే ఫస్ట్ ప్రైజ్.

కాదు. అమెరికన్ రోజ్ సొసైటీ మార్కుల పద్ధతి చూడండి. మొత్తం 100లో ఆకారానికి 25, రంగుకు 20, కాడకూ ఆకులకూ కలిపి 20, రేకుల బిగువుకు 15, పువ్వుకూ కాడకూ మధ్య పొందికకు 10, సైజుకు 10. పువ్వు కొబ్బరికాయంత ఉన్నా సైజు తెచ్చిపెట్టేది ఆ పది మార్కులే. హైబ్రిడ్ టీ గులాబీ (ఒక్కో కాడకు ఒకే పెద్ద పువ్వుతో పోటీకి పెట్టే రకం) దగ్గరకు రాగానే జడ్జి ముందు నడుం వంచి పక్కనుంచి చూస్తారు. నడిమి భాగం చుట్టూ ఉన్న రేకుల కన్నా ఎత్తుగా, కోసుగా లేచి ఉండాలి. తర్వాత పైనుంచి చూస్తారు, అప్పుడు రేకులు ఒకదాని వెనక ఒకటి సుడి తిరిగినట్టు కనిపించాలి, ఆ సుడి మధ్యలో రెండుగా చీలిపోతే ఎంత మంచి రంగైనా వెనకబడిపోతుంది. పువ్వు సగం నుంచి ముప్పావు వంతు విచ్చుకుని ఉండాలి, పసుపు కేసరాలు బయటపడేంతగా విచ్చుకుంటే ఆ విభాగంలో ఇక ఆశ లేదు. ఇదంతా అయ్యాక కళ్ళు కాడ మీదికి దిగుతాయి. పక్క మొగ్గల్ని జొన్నగింజంత ఉన్నప్పుడే గిల్లేస్తే ఆ చోటు మానిపోయి కనిపించదు, ఆలస్యంగా గిల్లితే ఆకు మొదట్లో నల్లటి మోడు మిగిలిపోతుంది, దానికీ మార్కు తగ్గుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు ప్రైజ్ వచ్చిన పువ్వునీ, పక్కనే ఏమీ రాని దాన్నీ ఇలా పోల్చి చూడండి. పది నిమిషాల్లో మీ కళ్ళకే తేడా తెలిసిపోతుంది.

అపోహ: షో రోజుకి పూయాలని హార్మోన్లు, ఇంజెక్షన్లు ఇస్తారు.

ఈ మాట అన్నవాళ్ళకు నేను మా క్యాలెండర్ చూపిస్తాను. వానలు వెనకబట్టాక అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తాం. అక్కడి నుంచి సుమారు 45 నుంచి 60 రోజులకు పువ్వు. కొన్ని రకాలు తొందరగా పూస్తాయి, రేకులు ఎక్కువున్నవి ఆలస్యం చేస్తాయి, మబ్బు పట్టి చలి పెరిగితే ఇంకో వారం పడుతుంది. అందుకే ఒకే రోజు అన్నీ కత్తిరించకుండా నాలుగైదు రోజుల తేడాతో వంతులవారీగా కత్తిరిస్తాం. చామంతి లెక్క వేరు, పగటి పొద్దు తగ్గితేనే అది మొగ్గ తొడుగుతుంది. పొద్దుగూకాక ఒక్క గంట ఎక్కువసేపు టెర్రస్ మీద లైటు వెలిగినా మొగ్గ ఆలస్యమవుతుందని పెంచేవాళ్ళు భయపడేది అందుకే.

అపోహ: ఈ కాలం గులాబీలకు వాసనే లేదు.

సగం నిజం. బొకేల కోసం పెంచే రకాల్ని ఎంచింది ఎక్కువ రోజులు వాడిపోకుండా ఉండటానికి, దూరం వెళ్ళినా నలగకుండా ఉండటానికి, అందులో వాసన వెనకబడింది. పైన చెప్పిన మార్కుల్లో కూడా వాసనకు ఒక్క మార్కు లేదు. చాలా షోల్లో సువాసన గులాబీలకు విడిగా ఒక విభాగం పెట్టేది అందుకే, ముందు ఆ బల్ల ఎక్కడుందో అడగండి. వీలైతే ఎండ ఎక్కకముందే వెళ్ళండి. వంగి వాసన చూడండి, రేకుల్ని మాత్రం ముట్టుకోవద్దు, వేలి మరక కాసేపటికి గోధుమరంగు మచ్చ అవుతుంది.

అపోహ: స్టాల్‌లో నీలం గులాబీ విత్తనాలు దొరుకుతున్నాయి.

దయచేసి కొనకండి. గులాబీకి నీలం రంగునిచ్చే డెల్ఫినిడిన్ అనే పదార్థం సహజంగా లేదు. జపాన్‌కు చెందిన సన్‌టోరీ సంస్థ పాన్సీ పువ్వు జన్యువు చేర్చి ఏళ్ళ తరబడి కష్టపడి చేసిన గులాబీని 2009లో అమ్మకానికి తెచ్చింది, అది కూడా లేత ఊదా రంగే. 'బ్లూ మూన్' అని పేరున్న పాత రకం ఉంది, మంచి వాసన, అదీ లేత ఊదానే. బజార్లో కనిపించే ముదురు నీలం పువ్వులు రంగు వేసినవి. పైగా ఇంట్లో పెంచుకోవడానికి హైబ్రిడ్ గులాబీని ఎవరూ విత్తనంతో పెంచరు, విత్తనం మొలిచినా తల్లి పోలిక రాదు, మనకు కావాల్సిన రకం రావాలంటే అంటు కట్టాలి, లేదా కొమ్మ నాటాలి. మా షో బయటే ఒకావిడ ఏడు రంగుల గులాబీ విత్తనాలని ప్యాకెట్ కొని, రెండు నెలల తర్వాత మొలిచిన మొక్క ఫోటో నాకు పంపారు. అది ఏదో కలుపు మొక్క. ఆవిడ రోజూ దానికి నీళ్ళు పోశారు పాపం.

అపోహ: నిండా పూలున్న మొక్క కొంటే మంచిది.

పూలు మూడు రోజుల్లో రాలిపోతాయి, మీ ఇంటికొచ్చేది మొక్క. అంటు కట్టిన చోట చెయ్యి పెట్టి చూడండి, గట్టిగా, ఊగకుండా ఉండాలి. దాని పైనుంచి కనీసం రెండు మూడు బలమైన కొమ్మలు రావాలి. ఇంటికి తెచ్చిన రోజే కుండీ మార్చకండి, వారం పది రోజులు ఒకచోట కుదురుకోనివ్వండి. కడియం నర్సరీల నుంచి వచ్చినా, పక్క వీధి నర్సరీ నుంచి వచ్చినా ఇదే పద్ధతి.

దీనికి తోకలాంటి అపోహ ఇంకోటి: ఒక్కో తొడిమకు ఏడు చిన్న ఆకులు వస్తే అది అడవి కొమ్మ (అంటుకు కింద ఉన్న వేరు మొక్క నుంచి వచ్చినది), కోసేయాలి అని. దీన్ని నమ్మి మంచి కొమ్మలు నరికేసుకున్నవాళ్ళు ఎంతమందో! మంచి హైబ్రిడ్ రకాల్లో కూడా ఏడు ఆకులు వస్తాయి. ఆకులు లెక్కపెట్టొద్దు, మట్టి కాస్త తీసి కొమ్మ ఎక్కడి నుంచి పుట్టిందో చూడండి. అంటుకు కింద నుంచి పుడితే అది పిలక, కత్తిరించడం కాదు, మొదట్లోకి లాగి పీకేయాలి. పైనుంచి పుడితే ఎన్ని ఆకులున్నా మీదే.

అపోహ: కోసిన పువ్వు నీళ్ళలో ఆస్పిరిన్, రూపాయి బిళ్ళ వేస్తే చాలు.

శుభ్రమైన గిన్నె, శుభ్రమైన నీళ్ళు, కాడ చివర నీళ్ళలోనే ఏటవాలుగా మళ్ళీ కోయడం, నీళ్ళలో మునిగే ఆకులు తీసేయడం, ఇవి చాలు. పళ్ళకు మాత్రం దూరంగా పెట్టండి. ఒక ఏడాది తెల్లవారుజామున కోసిన నా పువ్వుల బకెట్‌నీ, గుడికి ఇద్దామని కొన్న మాగిన అరటిపళ్ళ గెలనీ ఒకే కారులో, అద్దాలు మూసి, ఊరి అవతలి నుంచి తీసుకెళ్ళాను. పండే పండు నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి గులాబీ తట్టుకోలేదు. బల్ల మీద పెట్టేసరికి నా ఎర్ర గులాబీ బయటి రేకులు వదులైపోయాయి. రెండు నెలల శ్రమ.

అపోహ: ఫ్లవర్ షో అంటే లాల్‌బాగ్‌లాగా ఉండాలి.

బెంగళూరు లాల్‌బాగ్‌లో జనవరి 26, ఆగస్టు 15 సమయాల్లో అద్దాల మందిరం నిండా పూలతో బొమ్మలు కడతారు, అది కళ్ళకు పండగ, నేనూ వెళ్తాను. క్లబ్బు షో వేరు. ఇక్కడ సీసాలో ఒక్క కాడ నిలబడి ఉంటుంది, పక్కనే దాన్ని పెంచిన మనిషి ఉంటారు. బాల్కనీలో ఆరు కుండీలున్న టీచరమ్మ, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఇలాంటివాళ్ళే ఎక్కువ. ఫామ్‌హౌస్‌లు అక్కర్లేదు, మొదటిసారి పెట్టేవాళ్ళకు విడిగా విభాగం చాలాచోట్ల ఉంటుంది. జడ్జింగ్ పూర్తయి తలుపులు తెరవగానే, మొదటి రోజే రండి, రెండో రోజుకి సగం పూలు వాలిపోతాయి. నచ్చిన పువ్వు దగ్గర ఆగి చీటీ మీద రకం పేరు రాసుకోండి, పెంచినవాళ్ళను పట్టుకుని మట్టిలో ఏం కలుపుతారో, ఏ నెలలో కత్తిరిస్తారో అడగండి. ఎవరూ దాచరు.