నాయనమ్మ సోల

చిరంజీవులు పిల్లలకు,

గద్వాల నుంచి తాతయ్య ఆశీస్సులు. "ఎంత చదివినా లెక్కలు రావడం లేదు, నా బుర్ర ఇంతేనా తాతయ్యా?" అని మీలో ఒకరు రాశారు. బుర్ర సంగతి తరువాత. ముందు ఒక తీసివేత చేద్దాం.

ఏడాదికి 8,760 గంటలు. విద్యాహక్కు చట్టం లెక్కన అయిదో తరగతి దాకా బడి కనీసం 200 రోజులు, 800 గంటలు నడవాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నిద్రకు 2,920 తీసేయండి. ఇంకా 5,040 మిగిలాయి. అవన్నీ ఇంట్లో, వీధిలో, చేలో గడిచేవే. మీరు మెలకువగా ఉన్న కాలంలో ఏడో వంతు కూడా మా పంతుళ్లకు దక్కదు. మార్కులు తగ్గితే మాత్రం అందరూ మా వైపే చూస్తారు!

ఈ లెక్క నాకు ఒక అయిదో తరగతి అమ్మాయి వల్ల తెలిసివచ్చింది. మన వైపు విత్తన పత్తి ఎక్కువ కదా, ఆగస్టు వస్తే చేలల్లో క్రాసింగ్, అంటే సంకర విత్తనం కట్టించే పని. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గోటితో చీల్చి, రేకులూ కేసరాలూ తీసేయాలి. పొద్దున్నే మగపువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దాలి. ప్రతి మొగ్గకూ ఇదే తంతు. చిన్న వేళ్లయితే పని నాజూకుగా సాగుతుందని పిల్లల్ని పిలిచేవారు. చట్టం ఒప్పుకోదు. అప్పున్న ఇంట్లో ఆ మాట ఎవరు వింటారు? అమ్మాయి నలభై రోజులు బడికి రాలేదు. వచ్చేసరికి భిన్నాలు అయిపోయి దశాంశాలు నడుస్తున్నాయి. ఏమడిగినా నేలచూపులే. "మొద్దు" అన్నాను, నలుగురిలో.

తరువాత ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో నాయనమ్మ పొరుగింటావిడకు బాకీ ఉన్న జొన్నలు కొలుస్తోంది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. "మానికకు సోల తక్కువ, మిగతాది రేపిస్తా" అంది. "అయితే మూడు సోలలు ముట్టినట్టే" అంది మనవరాలు, తల ఎత్తకుండానే. పుస్తకంలో దాన్నే నాలుగింట మూడు వంతులు అంటారు. వేలిముద్ర వేసే ముసలమ్మ భిన్నాలు ఎప్పుడో నేర్పేసింది. వాటి పేరు చెప్పాల్సిన వాణ్ణి, నేను మొద్దు అన్నాను.

మర్నాడు ఆ కొలపాత్రలు బడికి తెమ్మన్నాను. రోజుకు పావుగంట, మూడు వారాలు. ఒక్కరోజే కూర్చోబెట్టి కుక్కితే వచ్చేది కాదు. కాస్త మరిచాక మళ్లీ గుర్తుచేసుకుంటేనే చదువు నిలుస్తుంది. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాలు తానే బట్టీపట్టి, 1885లో ఈ సంగతి రాశాడు. రోజూ ఎక్కాలు ఒప్పజెప్పించిన మన పాత పంతుళ్లకు ఆయన పేరు తెలియదనుకోండి.

ఇరవై నాలుగు గంటలూ బడిలోనే ఉంటే సరిపోదా అంటారా? 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం మొదలైంది అలాగే. మంచి బడి, కాదనను. కానీ నాయనమ్మ సోల అక్కడ దొరకదు కదా!

ఇక ఉత్తరం రాసినవారికి. ఏ తరగతిలో, ఏ నెలలో ఎన్నాళ్లు బడి మానావో మీ అమ్మను అడిగి రాయి. జ్వరమా, పెళ్లా, అమ్మానాన్నలతో బొంబాయి వలసా? దాన్ని బట్టి ఏ పాఠం జారిపోయిందో వెతుకుదాం. ఈలోగా ఒక లెక్క: నిండు తవ్వలోంచి మూడు గిద్దెలు తీస్తే తవ్వలో ఎన్నో వంతు మిగులుతుంది? పుస్తకం తెరవకు. ఇంట్లో పెద్దవాళ్లను అడుగు.

మీ
లెక్కల తాతయ్య