మెరుపు కోసం నీళ్లను వదులుకున్న కుండ

మెక్సికో జానపద కళల ప్రదర్శనలో వహాకా రాష్ట్రపు నల్లకుండ కనిపిస్తే దాటి వెళ్లడం కష్టం. నల్లరాతిని సానబట్టినట్టు మెరుస్తుంది. కానీ అందులో నీళ్లు పోస్తే నిలవవు, ఊరిపోతాయి. ఎందుకో తెలియాలంటే దాన్ని చేసే ఊరి చరిత్రలోకి వెళ్లాలి.

వహాకా నగరానికి దక్షిణాన 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న శాన్ బార్తొలో కోయొతెపెక్‌లో తరతరాలుగా కుండలు చేస్తున్నారు. అక్కడ సారె వాడరు. బోర్లించిన పళ్లెం మీద ఇంకో పళ్లెం పెట్టి, దాన్ని చేత్తో తిప్పుతూ కుండను లేపుతారు. పాత కుండలు బూడిదరంగువి, మెరుపు లేనివి. గట్టిగా కాల్చేవారు కాబట్టి నీళ్లకు, మెస్కాల్ సారాకు పనికొచ్చేవి.

1950లలో రోసా రెయాల్ అనే కుమ్మరి, జనం నోట డోన్యా రోసా, పద్ధతి మార్చింది. కుండ పూర్తిగా ఆరకముందే పలుగురాయితో రుద్దితే పైపొర నొక్కుకుని నున్నబడుతుంది. అదును తప్పకూడదు: పచ్చిగా ఉంటే మట్టి రాయికి అంటుకుని లేస్తుంది, మరీ ఆరితే గీతలు పడతాయే గాని నునుపు రాదు. ఆ తర్వాత నిదానంగా ఆరనివ్వాలి. పెద్ద కుండకు మూడు వారాలు కూడా పట్టొచ్చు. తడి మిగిలితే ఆవంలో ఆవిరి పుట్టి పగిలిపోతుంది.

నలుపుకు రంగేమీ పూయరు. ఆవం నోరు మూసి గాలి ఆడకుండా చేస్తే మట్టిలోని ఇనుము నల్లబడుతుంది. ఎక్కడైనా గాలి చొరబడితే అక్కడ గోధుమరంగు మచ్చ తేలుతుంది. అసలు చిక్కు వేడి దగ్గర. పాత కుండలంత గట్టిగా కాలిస్తే మెరుపు పోయి మళ్లీ బూడిదరంగుకు తిరుగుతుంది. తక్కువ వేడిలో దించితే మెరుపు దక్కుతుంది, కుండ మాత్రం పెళుసుగా, నీరు ఊరేలా మిగులుతుంది.

వంటింటికి పనికిరాని ఈ కుండ నిలబడిందంటే, దానికి అప్పటికే వేరే చోటు సిద్ధమై ఉండటం వల్లే. 1921లో, స్వాతంత్ర్యం సిద్ధించి నూరేళ్లయిన సందర్భంగా, మెక్సికో నగరంలో జానపద కళల ప్రదర్శన పెట్టారు. చిత్రకారులు రొబెర్తో మొంతెనేగ్రో, హోర్హే ఎన్సీసో దాన్ని నడిపించారు. ఊళ్లలో వాడుకునే వస్తువు జాతి కళగా అద్దాల వెనక్కి చేరే దారి అక్కడ బలపడింది. 1951లో దీనికోసమే జాతీయ మ్యూజియం తెరిచారు. 1974లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఫోనార్ట్ చేతివృత్తులవాళ్ల సరుకు కొంటుంది, పోటీలు పెట్టి బహుమతులిస్తుంది. ఈలోగా ఇళ్లలోకి ప్లాస్టిక్, లోహపు పాత్రలు వచ్చేశాయి.

ఈ నేపథ్యం తెలిసి చూస్తే ఈ కుండల మీద కనిపించే చిల్లుల నగిషీ కూడా అర్థమవుతుంది. నీళ్లు నిలపాల్సిన పని లేదు గనుకే కుండ ఒంటినిండా పువ్వుల ఆకారంలో చిల్లులు కోయగలిగారు. దగ్గరికి వెళ్లి వాలుగా వెలుతురు పడేచోట చూడండి, పలుగురాయి నడిచిన సన్నటి చారలు కనిపిస్తాయి. పక్కన ఒక పాత బూడిదరంగు కుండ కూడా పెడితే ఈ కళకు న్యాయం జరుగుతుందని మా అభిప్రాయం. ఆ గట్టి కుండలు చేసిన చేతులే ఈ మెరుపునూ సాధించాయి.