"అప్‌డేట్‌లో వస్తుంది" అన్న ఫీచర్లు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఎలక్ట్రిక్ కార్ల సర్వీసింగ్ నా పని. లాప్‌టాప్ పట్టుకుని కారు దగ్గరకు వెళ్లగానే "అప్‌డేట్ వచ్చిందా సార్?" అని అడగనివాళ్లు అరుదు. డెలివరీ తీసుకుని నెలలు గడిచినా, "తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వస్తుంది" అని షోరూమ్‌లో చెప్పిన ఫీచర్ రాలేదు. వాట్సాప్ గ్రూపులో ఒకరు వచ్చే నెల అంటారు, ఇంకొకరు ఇక రాదంటారు. ఏళ్ల తరబడి ఈఎంఐ కట్టాల్సిన మనిషికి ఆ మాటలు చదివితే టెన్షన్ రాక ఏమవుతుంది? వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఆ బాధ మీద ఊరికే పుకార్లు పుట్టించేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: ఇప్పటి కార్లన్నీ సాఫ్ట్‌వేరే. ఈ రోజు లేని ఫీచర్ ఏదైనా రేపు అప్‌డేట్‌లో వచ్చేస్తుంది.

జనం డబ్బు అన్నిటికంటే ఎక్కువగా పోయేది ఈ నమ్మకం వల్లే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ కారులో ఉన్న పరికరాల చేత పని చేయిస్తుంది. లేని పరికరాన్ని తెచ్చి పెట్టలేదు. ముందు వెళ్తున్న బండిని బట్టి వేగం తగ్గించుకునే అడాప్టివ్ క్రూజ్ కావాలంటే రాడార్ గానీ, ముందు అద్దం వెనక కెమెరా గానీ ఉండాలి. చాలా కార్లలో రెండూ ఉంటాయి. 360 డిగ్రీల వ్యూ కావాలంటే సైడ్ మిర్రర్ల కింద కెమెరాలుండాలి. ఇంట్లో ఏసీ చార్జింగ్ 3.3 కిలోవాట్ల నుంచి 7.2 కిలోవాట్లకు పెరగాలంటే కారు లోపలున్న ఆన్‌బోర్డ్ చార్జర్ ఆ స్థాయిదై ఉండాలి. కారు బ్యాటరీతో మిక్సీనో ఫ్యానునో నడిపే వీ2ఎల్‌కు కూడా బయటికి కరెంటు ఇవ్వగల పరికరం లోపలే ఉండాలి. ఇవేవీ డౌన్‌లోడ్ అయ్యేవి కావు.

గాజువాక నుంచి ఒక పెద్దాయన వచ్చారు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు. టాప్ వేరియంట్‌కు వెయిటింగ్ ఉందనీ, మిడ్ వేరియంట్ అయితే దసరాకి ఇచ్చేస్తామనీ, కారు గీత దాటకుండా చూసే లేన్ అసిస్ట్, ఆటో బ్రేకింగ్ తర్వాత అప్‌డేట్‌లో వస్తాయనీ సేల్స్ కుర్రాడు చెప్పాడట. "ఏటి బాబూ, సంక్రాంతి కూడా వెళ్లిపోయింది, ఇంకా రాలేదేటి?" అని అడిగారు. అదే మోడల్ టాప్ వేరియంట్ కారు ఒకటి పక్క బేలో ఉంది. ఆయన్ని దాని ముందుకు తీసుకెళ్లి బంపర్ కింది భాగంలో ఉన్న నల్లటి పలకను చూపించాను. అదే రాడార్. అద్దం వెనక కెమెరా కూడా చూపించాను. ఆయన కారులో ఆ రెండు చోట్లా ప్లాస్టిక్ మూతలే ఉన్నాయి.

కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. "మా అమ్మాయికి ఏం చెప్పను?" అన్నారు తర్వాత. నెలకోసారి శ్రీకాకుళం దాకా ఆయనే నడుపుకుంటూ వెళ్తారని, ఆటో బ్రేకింగ్ ఉన్న కారే కొనమని హైదరాబాద్‌లో ఉన్న కూతురు పోరు పెట్టిందట. బయట రాడార్ కొని బిగించవచ్చా అని అడిగారు. దాని వైరింగ్, బ్రేకులతో మాట్లాడే కంట్రోల్ యూనిట్, కాలిబ్రేషన్ అన్నీ ఫ్యాక్టరీలోనే కూర్చాల్సినవి. కుదరదని చెప్పాల్సి వచ్చింది. తేడా సొమ్ము కట్టి టాప్ వేరియంట్ తీసుకునే స్తోమత ఆయనకుంది. ఒక్క మాట నమ్మి ఆగిపోయారు.

ఇది మన ఊరి షోరూమ్‌ల సమస్య మాత్రమే అనుకోకండి. ఇకనుంచి తయారయ్యే కార్లన్నిటిలో పూర్తి సెల్ఫ్ డ్రైవింగ్‌కు కావాల్సిన హార్డ్‌వేర్ ఉంటుందని టెస్లా 2016 అక్టోబర్‌లో ప్రకటించింది. ఆ ఫీచర్ కోసం జనం ముందే డబ్బు కట్టారు. 2019లో కొత్త కంప్యూటర్ వచ్చింది, డబ్బు కట్టిన పాత కార్లకు దాన్ని మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఆ కంప్యూటర్ కూడా సరిపోదని, ఫీచర్ కొన్నవాళ్లకు మళ్లీ మార్చాల్సి ఉంటుందని 2025 జనవరిలో ఎలాన్ మస్క్ స్వయంగా ఒప్పుకున్నారు. అదే ఏడాది జూలైలో ముంబైలో అమ్మకాలు మొదలైనప్పుడు మన దేశంలో ఆ ఫీచర్‌కు పెట్టిన ధర రూ. 6 లక్షలు. కారు తయారుచేసినవాళ్లకే ఏ హార్డ్‌వేర్ సరిపోతుందో ముందు తెలియలేదు. ఇక సేల్స్ ఎగ్జిక్యూటివ్ నోటిమాటకు ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించండి.

కాబట్టి బుక్ చేసేముందు టెస్ట్ డ్రైవ్‌లో ఆ ఫీచర్‌ను మీ చేత్తో ఆన్ చేసి చూడండి. మీరు కొంటున్న వేరియంట్ కారులోనే చూడాలి, డెమో కారు ఎప్పుడూ టాప్ ఎండే. బ్రోచర్‌లో వేరియంట్ల పట్టిక, దాని కింద చుక్క గుర్తు (*) పక్కన ఉండే చిన్న అక్షరాలు చదవండి. "తర్వాత వస్తుంది" అన్న మాట వినిపిస్తే అది ఏ ఫీచరో, ఏ నెలలోపో, అదనపు డబ్బు కట్టాలో లేదో డీలర్ మెయిల్ నుంచి రాయించుకోండి. రాయడానికి వెనకాడితే మీకు సమాధానం దొరికినట్టే. బుకింగ్ నాటి బ్రోచర్ పీడీఎఫ్, ప్రకటనల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో పేజీలు మారిపోతాయి.

రాసిచ్చి కూడా ఇవ్వకపోతే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత 1915కు ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన మీద ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. చెల్లించిన ధర రూ. 50 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. "ఇంకో అప్‌డేట్ చూద్దాం" అనుకుంటూ ఆ గడువు దాటించుకున్నవాళ్లు ఉన్నారు.

అలాగని ఎదురుచూడటమే తప్పని అనను. హార్డ్‌వేర్ కారులో ఉండి, కంపెనీ స్వయంగా ప్రకటించి ఉంటే వేచి ఉండండి. 2020లో ఫోక్స్‌వ్యాగన్ యూరప్‌లో తన ఎలక్ట్రిక్ మోడల్ ఐడీ.3 మొదటి కార్లను రెండు సాఫ్ట్‌వేర్ ఫీచర్లు పూర్తికాకుండానే ఇచ్చింది. ఆ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పి, కావాలంటే ఆగమంది. మన దగ్గర 2023లో టాటా నెక్సాన్ ఈవీ మ్యాక్స్ సర్టిఫైడ్ రేంజ్, అంటే ఒక్క ఫుల్ చార్జ్‌తో నడిచే దూరం, 437 నుంచి 453 కిలోమీటర్లకు పెరిగింది. అంతకుముందే కొన్నవాళ్లకు కూడా డీలర్ల దగ్గర సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ ఇచ్చారు. బ్యాటరీ అదే, దాన్ని వాడుకునే తీరు మెరుగైంది. సాఫ్ట్‌వేర్ నిజంగా చేయగలిగేది ఇలాంటి పని.

అపోహ: కారులో ఏ ఇబ్బంది ఉన్నా అప్‌డేట్ వస్తే పోతుంది.

ఇది ప్రమాదకరం కూడా. భీమిలి నుంచి వచ్చిన ఒక టీచరమ్మగారి కారు రాత్రిపూట ఇంట్లో చార్జింగ్ పెడితే మధ్యలో ఆగిపోయేది. "తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తారండీ" అని ఎవరో చెప్తే నెలల తరబడి ఓపిక పట్టారు. కారు దాచుకునే రికార్డు (లాగ్) నేను చూస్తే కారు తప్పేమీ లేదు, అవతలి నుంచే కరెంటు ఆగిపోతోంది. వాళ్ల ఇంటి 15 ఆంపియర్ల సాకెట్ ఫొటో పంపమన్నాను. లోపల పిన్నుల దగ్గర ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకు తిరిగింది. సముద్రపు గాలికి మన దగ్గర సాకెట్ల లోపలి లోహం తొందరగా చిలుము పడుతుంది. చిలుము పడితే వేడెక్కుతుంది. గంటల తరబడి నిండు లోడ్ లాగే కారు చార్జర్‌కు అది చాలు. ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సాకెట్ మార్పించమన్నాను. ఎర్తింగ్ కూడా చూపించమన్నాను. పిల్లలు పడుకునే గది గోడకు అవతలి వైపే ఆ సాకెట్ ఉందని చెప్పినప్పుడు ఆవిడ గొంతు వణికింది.

చార్జింగ్ ఆగడం, ఏసీ చల్లబడకపోవడం, స్టీరింగ్‌లో శబ్దం లాంటివి ఏవైనా సరే వెంటనే చూపించండి, సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ కార్డ్‌లో రాయించండి. మాటల్లో చెప్పి వెళ్లిపోతే రేపు వారంటీ అడిగినప్పుడు మీ దగ్గర కాగితం ఉండదు.

అపోహ: కంపెనీ ఆలస్యం చేస్తే ఏముంది, ఆ ఫైల్ దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌తో మనమే ఎక్కించుకోవచ్చు.

దయచేసి వద్దు. మధురవాడలో ఐటీ ఉద్యోగం చేసే కుర్రాడు టెలిగ్రామ్‌లో దొరికిన ఫైల్ ఎక్కించాడు. అది వేరే దేశపు మోడల్‌ది. స్క్రీన్ నల్లబడింది, దాంతో రివర్స్ కెమెరా, ఏసీ కంట్రోల్స్ అన్నీ పోయాయి. వారంటీ వర్తించదన్నారు, యూనిట్ మొత్తం సొంత డబ్బుతో మార్చుకున్నాడు. చురుకైన కుర్రాడే. కంపెనీ ఎప్పుడిస్తుందో ఒక్క మాట చెప్పి ఉంటే అతను ఈ పని చేసేవాడు కాదని నా నమ్మకం. కంపెనీలు తేదీ చెప్పలేకపోతే కనీసం ఎందుకు ఆలస్యమో చెప్పాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

నా తర్వాత కొన్నవాళ్లకు ముందు వచ్చిందంటే నన్ను పక్కన పెట్టారనా? కాదు. కొత్త కార్లు ఫ్యాక్టరీ నుంచే కొత్త వెర్షన్‌తో వస్తాయి. పాతవాటికి విడతలవారీగా ఇస్తారు, ఏదైనా లోపం బయటపడితే కొన్ని కార్ల దగ్గరే ఆపడానికి.

అన్ని అప్‌డేట్లూ గాల్లోంచే, అంటే ఇంటర్నెట్ ద్వారానే, రావు. చాలా మోడళ్లలో స్క్రీన్‌కు సంబంధించినవే అలా వస్తాయి. మోటార్, బ్యాటరీ, బ్రేకుల కంట్రోల్ యూనిట్లకు సర్వీస్ సెంటర్‌కు రావాల్సిందే.

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో పెట్టే కార్లకు సిగ్నల్ అందదు. వారానికోసారి కాసేపు బయట పార్క్ చేసి చూడండి. కారుకు నెట్ అందించే కనెక్టెడ్ సర్వీస్ ప్లాన్ గడువు ముగిసిందేమో కూడా యాప్‌లో చూసుకోండి.

అప్‌డేట్ చేస్తే రేంజ్ తగ్గిస్తారన్న భయం పూర్తిగా పుకారు కాదు. 2019లో టెస్లా కొన్ని పాత మోడల్ ఎస్ కార్ల బ్యాటరీ వోల్టేజీని అలా పరిమితం చేసింది, దాని మీద కొన్నవాళ్లు వేసిన కేసు 2021లో 15 లక్షల డాలర్లతో రాజీ అయింది. కానీ ఆ భయంతో భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు ఆపుకోవద్దు. అప్‌డేట్‌లో ఏం మారిందో చెప్పే రిలీజ్ నోట్స్ చదవండి, ముందూ తర్వాతా ఫుల్ చార్జ్‌లో చూపే రేంజ్ ఫొటో తీసుకోండి.

ఇన్‌స్టాల్ నొక్కేముందు 12 వోల్టుల బ్యాటరీ బాగుందో లేదో చూసుకోండి, ఆ సమయంలో చాలా కార్లలో కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తాయి. మధ్యలో ఆగిపోతే కంగారుపడి ఆ బ్యాటరీ టెర్మినల్స్ పీకకండి. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి కారును పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండి అడగండి. తాడు కట్టి లాగనివ్వకండి. చక్రాలు తిరిగితే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది, ఎలక్ట్రానిక్స్ దెబ్బతింటాయి.