బడి వేడి దిగే మొదటి వారం

పోయిన వేసవిలో సెలవులిచ్చిన మూడో రోజు, ఇడ్లీలోకి కారంపొడి వెయ్యకుండా చట్నీ వేశానని మా అబ్బాయి కంచం పక్కకు తోసేసి, గదిలోకి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఐదో తరగతి పరీక్షలు అయిపోయాయి, పొద్దున్నే ఆటో హారన్ లేదు, హోంవర్క్ లేదు, వీడికేం తక్కువైంది అని గట్టిగానే కోప్పడ్డాను. మా అత్తమ్మ మాత్రం "బడి వేడి ఇంకా దిగలేదమ్మా వాడికి, నాలుగు రోజులు వదిలెయ్" అంది.

తర్వాత ఇదంతా చదువుకుంటే ఆమె మాటలో చాలా నిజం ఉందని తెలిసింది. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికన్ మానసిక వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులు తీసుకుని, ఒక్కోదానికి సర్దుకోవడం ఎంత కష్టమో మార్కులు వేశారు. అందులో బడి మొదలవడానికీ ముగియడానికీ 26, నిద్ర వేళలు మారడానికి 16, చివరికి సెలవులకు కూడా 13 మార్కులున్నాయి. అది పెద్దవాళ్ళ కోసం చేసిన పట్టికే, కానీ నాకు నచ్చింది ఏమిటంటే, మంచి మార్పుకైనా మనిషి సర్దుకోవాల్సిందే అని వాళ్ళు గుర్తించడం.

ఇందులో శరీరం పాత్ర చాలా ఉంది. కళ్ళ నుంచి వచ్చే నరాలు మెదడులో ఒకదాన్నొకటి దాటే చోటుకి కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉంటుంది, మన ఒంటి గడియారం అదే. మనుషుల్లో అది ఒక చుట్టు తిరగడానికి 24 గంటల కంటే సగటున ఓ పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది, అంటే దాని మానాన దాన్ని వదిలేస్తే రోజురోజుకీ వెనక్కి జరుగుతూ పోతుంది, పొద్దుటి వెలుతురే దాన్ని మళ్ళీ దారిలో పెడుతుంది. బడి ఉన్నన్నాళ్ళూ ఆ పని ఏడు గంటల ఆటో చేసేది. సెలవుల్లో కర్టెన్లు వేసి, కూలర్ పెట్టుకుని తొమ్మిదిన్నర దాకా పడుకుంటే, రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూస్తే ఆ గడియారం ఎటు పోతుందో మీరే ఆలోచించండి. టీనేజ్ పిల్లల్లో నిద్ర తెచ్చే మెలటోనిన్ ఎటూ ఆలస్యంగానే వస్తుంది, కాబట్టి వాళ్ళని సోమరులని తిట్టకండి.

ఇంకో సంగతి, బడిలో పిల్లలు రోజంతా తమను తాము ఆపుకుంటూ ఉంటారు, కదలకుండా కూర్చోవడం, కోపం మింగడం, ఒంటేలుకు పోవడానికి కూడా చెయ్యెత్తి అడగడం. ఇలా ఆపుకునే పని చూసే మెదడు ముందు భాగం పూర్తిగా పండేసరికి ఇరవై ఐదేళ్ళు దగ్గరపడతాయి. ఏడాదంతా దాన్ని లాగి లాగి ఇంటికొచ్చిన పిల్లాడు, ఏం చేసినా తనని వదలని అమ్మ దగ్గరే కదా పట్టు విడిచేది.

కానీ మా వాడి ఏడుపులో అసలు సంగతి వేరే ఉంది, అది రాత్రి మిద్దె మీద పడుకున్నాక బయటపడింది. నాలుగేళ్ళుగా వాడి పక్కన కూర్చున్న పిల్లాడి నాన్నకి పలమనేరు బదిలీ అయింది, ఇద్దరూ "పోయొస్తా" అని కూడా చెప్పుకోలేదు. "నీకు దిగులుగా ఉంది కదా కన్నా" అన్నాను, వాడు తలూపాడు, కాసేపటికి నిద్రపోయాడు. మనసులో ఉన్నదానికి పేరు పెడితే, భయాన్నీ బాధనీ రగిలించే మెదడు భాగం అమిగ్డలా చల్లబడుతుందని 2007లో లాస్ ఏంజిలిస్ పరిశోధకులు మెదడు స్కాన్లలో చూశారు. ఆ రాత్రి నాకు ఈ స్కాన్ల సంగతి తెలియదు, తెలిస్తే మూడు రోజుల ముందే అడిగేదాన్ని.

అందుకే మా తిరుపతిలో రెండో రోజే సమ్మర్ క్యాంపుకో, వచ్చే తరగతి ట్యూషన్‌కో పంపేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. 2025లో సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, 49 రోజులు. అందులో ఏడు రోజులు ఖాళీగా ఉంటే ఏం పోదు. అలాగని అన్నీ వదిలెయ్యమని కాదు. లేచే వేళ గంటకు మించి జరగనివ్వకండి, కత్తిరి ఎండ ముదరక ముందే పొద్దున ఓ అరగంట బయట తిప్పండి, అన్నం వేళ పాతదే ఉంచండి. మిగతా రోజంతా వాళ్ళది. మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడిచే పని ఇచ్చి చూడండి, మార్కులు లేని పని పిల్లలకు ఎంత హాయో.

అమ్మల సంగతి కూడా చెప్పాలి. బడి ఉన్నప్పుడు ఇంట్లో దొరికే ఆ నాలుగు గంటల నిశ్శబ్దం మనకీ పోతుంది, చిరాకు మనకీ వస్తుంది, అది పిల్లలకి వెంటనే అంటుకుంటుంది. మా ఇంట్లో ఇప్పుడు పొద్దుటి షికారు నాన్నది. రెండు వారాలు దాటినా పిల్లాడు తినక, నిద్రపోక, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మాత్రం ఆగకండి, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, లేదా డాక్టరుకి చూపించండి.

ఈ ఏడు చివరి పనిదినాన మా వాడి బ్యాగులో ఓ చిన్న నోటుబుక్కు పెట్టాను, స్నేహితుల ఫోన్ నంబర్లు రాయించుకు రమ్మని. పదకొండు నంబర్లు తెచ్చాడు. గంగమ్మ జాతరకి పలమనేరు నుంచి వాడి పాత స్నేహితుడు వస్తానన్నాడట, ఇద్దరూ బైరాగి వేషం వేస్తారట, ఒంటికి పూసుకునే తెల్ల నాముకొమ్ము ఎంత కావాలో ఇప్పటినుంచే లెక్కలేస్తున్నాడు.