మ్యాట్ పేపర్ మీద రామప్ప నలుపు

రామప్ప గుడి మదనికల్ని దగ్గరగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నునుపు తేలిన చోట డోలరైటు రాయి కారునలుపుగా నిగనిగలాడుతుంది. చెక్కు లేచిన చోట అదే రాయి బూడిద రంగుకు తిరుగుతుంది. రాయి ఒకటే, మారింది పైపొరే.

రాయి మీదైనా, గాజు మీదైనా పడ్డ వెలుగులో నాలుగు నుంచి ఆరేడు శాతం దాకా లోపలికి పోకుండా పైనుంచే తిరిగొస్తుంది. పైభాగం నునుపుగా ఉంటే అదంతా ఒకే దిక్కుకు పోతుంది, మనం కాస్త పక్కకు జరిగితే చాలు. గరుకుగా ఉంటే నలుదిక్కులా చెదిరిపోతుంది. ఎటు నిలబడ్డా కొంత కంట్లో పడి నలుపును పలచన చేస్తుంది.

ఇలాంటి ఫొటోల్ని ప్రింట్ తీసే, మెరుపు లేని మ్యాట్ పేపర్‌కు ఉన్న ఇబ్బంది సరిగ్గా ఇదే. నలుపు ఎంత చిక్కనో చెప్పే డెన్సిటీ అంకె మంచి మ్యాట్ మీద 1.6 దగ్గర ఆగుతుంది, మెరిసే గ్లాసీ, బరైటా (బేరియం సల్ఫేట్ పూత ఉన్న) రకాల మీద 2.3 దాకా పోతుంది. చూడ్డానికి చిన్న తేడాయే కానీ ఇది లాగరిథమ్ లెక్క. 1.6 అంటే పడ్డ వెలుగులో 2.5 శాతం తిరిగొస్తున్నట్టు, 2.3 అంటే అర శాతమే. అంటే అయిదింతలు!

అయినా నా ఓటు మ్యాట్‌కే. కిటికీ ఎదురుగా గోడకు పెట్టినా బొమ్మలో బొమ్మే కనిపిస్తుంది, కిటికీ కాదు.

పేపర్లను పోల్చేటప్పుడు చాలామంది ఏది ఎక్కువ నలుపో చూస్తారు. నేను చూసేది నలుపు పక్కన ఉన్న నలుపుని. 0, 5, 10, 15, 20 విలువలతో (కంప్యూటర్‌లో 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే తెలుపు) చిన్న గళ్ల పట్టీ ఒకటి తయారుచేసి, ప్రతి పేపర్ మీదా ప్రింట్ తీసి, ఒక రోజు ఆరనిచ్చి చూడండి. కొన్నిటిలో 15 దాకా అన్నీ కలిసి ఒకటే ముద్ద. మదనిక జడ, వీపు, వెనక స్తంభం నీడ అన్నీ ఆ ముద్దలోనే మునిగిపోతాయి. 10కీ 15కీ తేడా చూపించే పేపర్, నలుపు కాస్త తక్కువైనా, నా లెక్కలో మేలు.

ఈ పని చేసేది కోటింగ్. సన్నటి సిలికా పొర సిరాను పైనే పట్టి ఉంచుతుంది. అది లేని మామూలు కాగితంలో సిరా పోగుల్లోకి ఇంకిపోయి నలుపు వెలిసిపోతుంది. ప్రింటర్‌లో పేపర్ రకం తప్పుగా ఎంచుకున్నా అంతే: మ్యాట్ పేపర్‌కు సరిపోయే మ్యాట్ బ్లాక్ సిరా బదులు మెరిసే పేపర్లకు వాడే ఫొటో బ్లాక్ సిరా పడి, కొత్త ప్రింటే పాతబడినట్టు కనిపిస్తుంది. అన్నట్టు, ఈ పొర చాలా సుకుమారం. వేలితో రుద్దితే మెరుపు చార పడుతుంది, అది ఇక పోదు.

ఖరీదైన మ్యాట్ పేపర్లు పత్తివి. జిన్నింగ్ తర్వాత గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగునే ఎక్కువగా వాడతారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తిలోనూ ఆ నూగు ఉంటుంది. జర్మనీ కంపెనీ హానెమ్యూల అమ్మే 308 జీఎస్ఎం (చదరపు మీటరుకు 308 గ్రాముల) ఫొటో రాగ్ పేపర్ పూర్తిగా పత్తిదే. చవక రకాలు కలప గుజ్జువి. అందులో లిగ్నిన్ అనే కలప పదార్థాన్ని తీసెయ్యకపోతే ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడతాయి.

మల్లెపువ్వులా తెల్లగా ఉన్న పేపర్‌ని మాత్రం వెంటనే నమ్మకండి. అందులో బ్రైట్‌నర్లు ఉండొచ్చు. అవి కంటికి కనపడని అతినీల కాంతిని నీలి వెలుగుగా మార్చి తెలుపును పెంచుతాయి. అతినీల కాంతి ఇవ్వని ఎల్ఈడీ బల్బు కింద ఆ తెలుపు తగ్గుతుంది, కాలం గడిస్తే బ్రైట్‌నర్లే అరిగిపోయి అసలు రంగు బయటపడుతుంది. దుకాణాల్లో దొంగనోట్లు పట్టే యూవీ లైటు కింద పెడితే గుట్టు తెలిసిపోతుంది. నీలంగా వెలిగిపోయిన పేపర్‌ను కాలేజీ ఎగ్జిబిషన్‌కు వాడుకోవచ్చు. తాతయ్య ఫొటోకు మాత్రం వద్దు.