‘అది ఫిజిక్స్ కాదు’ అని పక్కన పెట్టిన ప్రశ్న నోబెల్ దాకా ఎలా వచ్చింది

2022 అక్టోబర్ 4న ఫిజిక్స్ నోబెల్ ముగ్గురికి ప్రకటించారు: అలెన్ ఆస్పె, జాన్ క్లాసర్, ఆంటన్ జైలింగర్. దూరంగా ఉన్న రెండు ఫోటాన్లు (కాంతి కణాలు) ఒకదానితో ఒకటి ముడిపడినట్టు ప్రవర్తిస్తాయని ప్రయోగాలతో చూపించినందుకు ఆ బహుమతి. వార్తల్లో క్వాంటం కంప్యూటర్ల గురించి చాలా రాశారు, రాయాల్సిందే. కానీ ఆ ముగ్గురిలో క్లాసర్ తన ప్రయోగం చేసింది 1972లో, అంటే బహుమతికి సరిగ్గా యాభై ఏళ్ల ముందు. ఆ ప్రయోగం అడిగిన ప్రశ్నేమో 1935 నాటిది. మధ్యలో దశాబ్దాల పాటు ఆ ప్రశ్న అడగడమే తప్పన్నట్టు చూశారు. నాకు ఆ బహుమతి కంటే ఈ ఆలస్యమే ముఖ్యమనిపిస్తుంది, అందుకే కథ మొదటి నుంచి చెబుతాను.

1926లో జర్మన్ ఫిజిసిస్ట్ మాక్స్ బార్న్ ఒక మాట అన్నాడు: క్వాంటం సిద్ధాంతానికి గుండె లాంటి ష్రోడింగర్ సమీకరణం నుంచి వచ్చే తరంగం ఎలక్ట్రాన్ ఎక్కడుందో చెప్పదు, ఎక్కడ దొరకడానికి ఎంత అవకాశం ఉందో మాత్రమే చెబుతుంది. ఐన్‌స్టీన్‌కి ఇది మింగుడు పడలేదు. దేవుడు పాచికలాడడని ఆయన బార్న్‌కి ఉత్తరం రాసింది ఆ ఏడాది చివర్లోనే. ఆ మాట ఎంత పాకిపోయిందంటే, ఐన్‌స్టీన్ అసలు అభ్యంతరం యాదృచ్ఛికత మీదే అని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి ఆయన్ని అంతకంటే ఎక్కువ వేధించిన విషయం వేరే ఉంది, అది 1935లో బయటికి వచ్చింది.

ఆ ఏడాది మే నెలలో ఐన్‌స్టీన్, బోరిస్ పొడోల్‌స్కీ, నేథన్ రోజెన్ కలిసి ‘ఫిజికల్ రివ్యూ’లో నాలుగు పేజీల వ్యాసం ప్రచురించారు. ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి దాన్ని ఈపీఆర్ అంటారు. వాదన స్థూలంగా ఇది: రెండు కణాలు ఒకచోట కలిసి, ఆ తర్వాత చాలా దూరం వెళ్లిపోయాయి అనుకుందాం. మొదటిదాన్ని కొలవగానే రెండోదాన్ని కొలిస్తే ఏం వస్తుందో ఖచ్చితంగా చెప్పేయగలం. రెండోదాన్ని మనం ముట్టుకోనే లేదు, అయినా జవాబు తెలిసిపోయింది. మరి ఆ జవాబు ముందునుంచే ఆ కణంలో ఉండి ఉండాలి కదా, క్వాంటం సిద్ధాంతంలో దాని ప్రస్తావనే లేదు కదా, అయితే సిద్ధాంతం అసంపూర్ణం. ఒక జత చెప్పుల్ని విడదీసి రెండు పెట్టెల్లో పెట్టి చెరో ఊరికి పంపితే, ఒక పెట్టె తెరిచి కుడికాలి చెప్పు చూసినవాడికి రెండో పెట్టెలో ఎడమది ఉందని వెంటనే తెలుస్తుంది. ఇందులో మాయ ఏమీ లేదు, రెండో పెట్టెలో మొదటినుంచీ ఉన్నది ఎడమ చెప్పే. ప్రకృతి కూడా ఇలాగే ఉండాలన్నది ఐన్‌స్టీన్ పట్టుదల. అది మొండితనం కాదు, చాలా సహజమైన ఆశ. ఇక్కడ చేసిన పని అక్కడి వస్తువుని అప్పటికప్పుడే మార్చేయడం అన్నది ఆయన ఒప్పుకోలేకపోయాడు.

నీల్స్ బోర్ అదే పత్రికలో, అదే శీర్షికతో కొన్ని నెలల్లోనే జవాబు రాశాడు. ఆ జవాబుని ఎన్నిసార్లు చదివినా నాకు గట్టి నేల తగలదు, కానీ అప్పటి ఫిజిక్స్ ప్రపంచానికి అది సరిపోయింది. అదే ఏడాది ష్రోడింగర్ ఈ ముడికి ఎంటాంగిల్‌మెంట్ అని పేరు పెట్టాడు, క్వాంటం సిద్ధాంతానికి అసలైన గుర్తు ఇదే అన్నాడు. పెట్టె తెరిచేదాకా బతికుందో చచ్చిందో తేలని ఆయన ఊహల పిల్లి కూడా ఆ ఏడాదిదే. పిల్లి ప్రపంచమంతా తిరిగింది, ఎంటాంగిల్‌మెంట్ మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఆగిపోవడానికి ఒక కారణం 1932లో జాన్ ఫాన్ నాయ్‌మన్ రాసిన పుస్తకం. క్వాంటం సిద్ధాంతం వెనక ఇంకా లోతైన వివరాలు దాగి ఉండటం (వీటినే హిడెన్ వేరియబుల్స్ అంటారు) గణితపరంగా అసాధ్యమని అందులో ఒక నిరూపణ ఉంది. అంత పెద్ద గణితవేత్త చెప్పాక ఇంకేముంది అనుకున్నారు. కానీ గ్రెటె హెర్మన్ అనే జర్మన్ గణితవేత్త 1935లోనే ఆ నిరూపణలో ఒక ఊహ చెల్లదని రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. అదే లోపం మళ్లీ అందరి దృష్టికీ రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

1952లో డేవిడ్ బోమ్ ఇంకో అడుగు వేశాడు. అసాధ్యమన్న హిడెన్ వేరియబుల్స్ సిద్ధాంతాన్ని ఆయన నిజంగానే కట్టి చూపించాడు, అది క్వాంటం మెకానిక్స్ ఇచ్చే ఫలితాలనే ఇస్తుంది. కానీ ఆ సమయానికి ఆయన అమెరికాలో లేడు. కమ్యూనిస్టుల వేటలో భాగంగా కాంగ్రెస్ కమిటీ పిలిచి ప్రశ్నిస్తే సాక్ష్యం చెప్పనన్నాడు, అరెస్టయ్యాడు, కోర్టు నిర్దోషి అని వదిలేసినా ప్రిన్స్‌టన్‌లో ఉద్యోగం పోయింది, బ్రెజిల్ వెళ్లిపోయాడు.

ఆ బోమ్ పేపర్లు చదివి కదిలిపోయినవాడు జాన్ స్టీవర్ట్ బెల్. బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు, జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో పార్టికల్ ఫిజిక్స్, యాక్సెలరేటర్ల పని చేసేవాడు. క్వాంటం పునాదుల గురించి ఆలోచించడం ఆయనకి జీతం వచ్చే పని కాదు, తీరిక వేళల పని. అసాధ్యమన్నది బోమ్ చేసి చూపించాడంటే ఫాన్ నాయ్‌మన్ నిరూపణలో ఎక్కడో తప్పుండాలి కదా అని వెతికి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకా పెద్ద ప్రశ్న వేసుకున్నాడు: బోమ్ సిద్ధాంతంలో ఒక కణం మీద దూరంలో ఉన్న ఇంకో కణం ప్రభావం వెంటనే పడుతుంది, ఐన్‌స్టీన్‌కి నచ్చనిది సరిగ్గా అదే. ఆ గుణం లేకుండా, చెప్పుల జత లాంటి సిద్ధాంతం ఏదైనా సాధ్యమేనా? 1964లో అమెరికాలో సెలవు మీద ఉన్నప్పుడు జవాబు దొరికింది. కొద్దికాలమే నడిచి మూతపడ్డ ఒక చిన్న పత్రికలో దాన్ని అచ్చేశాడు.

ఆ జవాబు ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది సూత్రాలు లేకుండానే అర్థమవుతుంది, అర్థమైన రోజు నిద్ర పట్టదు.

ఇద్దరు మనుషుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాం. ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడుగుతాం, జవాబు ‘అవును’ లేదా ‘కాదు’. ఎవరిని ఏ ప్రశ్న అడుగుతామో ముందుగా ఎవరికీ తెలియదు, గదుల మధ్య మాట్లాడుకునే దారి లేదు. ఇలా వేలసార్లు చేస్తే, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగిన ప్రతిసారీ జవాబులు కలుస్తున్నాయి. ఏం అనుకుంటాం? లోపలికి వెళ్లే ముందు మూడు ప్రశ్నలకీ జవాబులు కూడబలుక్కున్నారు అనుకుంటాం. వేరే దారి లేదు. సరే, ఇప్పుడు ఇద్దరినీ వేరువేరు ప్రశ్నలు అడిగిన సందర్భాలు చూద్దాం. కూడబలుక్కున్న చీటీలో మూడు జవాబులున్నాయి, ఉన్నవి రెండు రకాలే, కాబట్టి వాటిలో కనీసం రెండు ఒకేలా ఉండి తీరాలి. మూడు ప్రశ్నల్లోంచి రెండేసి తీస్తే వచ్చే జతలు మూడు, అందులో కనీసం ఒక జతకి జవాబులు కలుస్తాయి. అంటే వేరువేరు ప్రశ్నలు అడిగినా మూడింట ఒక వంతు సార్లు, అంతకంటే ఎక్కువసార్లు, జవాబులు కలవాల్సిందే. చీటీలో ఏం రాసుకున్నా సరే, రోజుకో చీటీ మార్చినా సరే, దీని నుంచి తప్పించుకోలేరు.

ఇక మనుషుల బదులు ముడిపడిన రెండు ఫోటాన్లని తీసుకోండి. ప్రశ్నలంటే పోలరైజర్‌ని (కాంతి కంపించే దిశని బట్టి ఫోటాన్‌ని వదిలే లేదా ఆపే ఫిల్టర్) 0, 60, 120 డిగ్రీల్లో ఒకదానికి తిప్పి పెట్టడం, జవాబంటే ఫోటాన్ దాటిందా లేదా. రెండు వైపులా ఒకే కోణం పెడితే జవాబులు ఎప్పుడూ కలుస్తాయి, ఐన్‌స్టీన్ చెప్పినట్టే. వేరువేరు కోణాలు పెడితే? క్వాంటం సిద్ధాంతం ప్రకారం నాలుగింట ఒక వంతు సార్లే కలుస్తాయి. కనీసం 33 శాతం రావాల్సిన చోట 25 శాతం. అంటే క్వాంటం సిద్ధాంతం సరైనదైతే చీటీ లేదు. ఇంతకాలం అభిప్రాయ భేదమనుకున్నది ఒక అంకె దగ్గరికి వచ్చి నిలబడింది, ఇక కొలవడమే మిగిలింది.

కానీ కొలవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చాలా ఏళ్లు ఆ వ్యాసాన్ని చదివినవాళ్లే తక్కువ. క్వాంటం మెకానిక్స్ ట్రాన్సిస్టర్లనీ లేజర్లనీ ఇస్తున్నప్పుడు, దాని అర్థం గురించి అడగడం ఫిలాసఫీ వాళ్ల పని అనేవాళ్లు. 1969లో క్లాసర్, మైకేల్ హోర్న్, అబ్నర్ షిమోనీ, రిచర్డ్ హోల్ట్ కలిసి బెల్ అసమానతని (చీటీ ఉంటే ఫలితాలు దాటలేని ఆ హద్దుని) ల్యాబ్‌లో పరీక్షించగలిగే రూపానికి మార్చారు. అందులో ఒక రాశి ఉంటుంది, చీటీ సిద్ధాంతం ఏదైనా సరే దాని విలువ 2 దాటకూడదు, క్వాంటం మాత్రం సుమారు 2.83 దాకా వెళ్లగలదు. 1972లో బర్కిలీలో క్లాసర్, రీసెర్చ్ విద్యార్థి స్టువర్ట్ ఫ్రీడ్‌మన్ కలిసి, దొరికిన పాత పరికరాలతో, కాల్షియం పరమాణువుల నుంచి వచ్చే ఫోటాన్ల జతల మీద ప్రయోగం చేశారు. క్లాసర్ మనసులో ఆశ క్వాంటం మెకానిక్స్ ఓడిపోవాలని. ఫలితం మాత్రం క్వాంటం వైపే వచ్చింది, ఆయన దాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించాడు. ఈ ఒక్క విషయానికే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. హార్వర్డ్‌లో హోల్ట్ చేసిన ఇంకో ప్రయోగం సరిగ్గా వ్యతిరేక ఫలితం ఇచ్చింది, కొన్నాళ్లు గందరగోళం నడిచింది, 1976లో క్లాసర్ ఒకటి, టెక్సస్‌లో ఎడ్వర్డ్ ఫ్రై, రాండల్ థాంప్సన్ ఇంకొకటి చేశాక తూకం మళ్లీ క్వాంటం వైపు మొగ్గింది. ఇంత చేసినా క్లాసర్‌కి ప్రొఫెసర్ ఉద్యోగం రాలేదు. ఈ విషయాల మీద చర్చ కూడా పెద్ద పత్రికల్లో కష్టమై, స్విట్జర్లాండ్ నుంచి సైక్లోస్టైల్ చేసి పంచే ఒక చిన్న బులెటిన్‌లో నడిచింది.

1970ల మధ్యలో ఫ్రాన్స్ నుంచి ఆస్పె తన ప్రయోగం ఆలోచన పట్టుకుని బెల్ దగ్గరికి వెళితే, బెల్ అడిగిన మొదటి ప్రశ్న ‘నీకు పర్మనెంట్ ఉద్యోగం ఉందా’ అని. ఉందన్నాకే మాట ముందుకు సాగింది. ఆస్పె ఈ సంగతి చాలాసార్లు చెప్పాడు. ఆయన మెరుగుపరిచింది ముఖ్యమైన విషయాన్నే: ఫోటాన్లు బయల్దేరే సమయానికే పోలరైజర్ల కోణాలు నిర్ణయమై ఉంటే, ఆ సమాచారం ఎలాగో అటువైపు చేరిందేమో అన్న అనుమానం మిగిలిపోతుంది. అందుకే 1982లో ఓర్సేలో ఆయన బృందం ఫోటాన్లు దారిలో ఉండగానే వాటి దారి మార్చే స్విచ్‌లు పెట్టింది. రెండు చివర్ల మధ్య దూరం సుమారు 12 మీటర్లు, కాంతికి ఆ దూరం 40 నానోసెకన్లు, స్విచ్ మారేది దాదాపు ప్రతి 10 నానోసెకన్లకి. ఫలితం మారలేదు. 1998లో ఇన్స్‌బ్రుక్‌లో జైలింగర్ బృందం 400 మీటర్ల దూరంలో, నిజమైన యాదృచ్ఛిక సంఖ్యలతో కోణాలు ఎంచి మళ్లీ చేసింది. అదే ఫలితం.

ఒక అపోహ ఇక్కడే తీర్చేయాలి. దీనితో కాంతి కంటే వేగంగా మెసేజ్ పంపొచ్చా? పంపలేం. ఏ ఒక్క వైపు చూసినా అవును, కాదు అన్న జవాబులు బొమ్మా బొరుసూ వేసినట్టే వస్తాయి, అవతలివాళ్లు ఏ కోణం పెట్టారో వాటిలో జాడ ఉండదు. రెండు జాబితాలు ఫోన్‌లోనో మెయిల్‌లోనో పక్కపక్కన పెట్టుకున్నాకే ఆ 25 శాతం కనిపిస్తుంది. ఈ అపోహకీ ఒక చరిత్ర ఉంది: ఎంటాంగిల్‌మెంట్‌తో మెసేజ్ పంపే పథకం ఒకటి నిక్ హెర్బర్ట్ అనే ఫిజిసిస్ట్ ప్రతిపాదిస్తే, అందులో తప్పు వెతికే క్రమంలోనే 1982లో వూటర్స్, జురెక్ కలిసి, విడిగా డీక్స్, తెలియని క్వాంటం స్థితిని కాపీ చేయలేమన్న సిద్ధాంతం కనిపెట్టారు. క్వాంటం క్రిప్టోగ్రఫీ, అంటే క్వాంటం పద్ధతిలో సందేశాల్ని రహస్యంగా ఉంచే విద్య, నిలబడింది దాని మీదే. 1984లో బెనెట్, బ్రసార్డ్ మొదటి పద్ధతి ఇచ్చారు, 1991లో ఆర్టర్ ఎకర్ట్ నేరుగా బెల్ అసమానతనే కాపలాగా పెట్టాడు: దొంగచాటుగా ఎవరైనా వింటే ముడి దెబ్బతింటుంది, ఆ రాశి కిందికి పడిపోతుంది. పనికిరాదన్న ప్రశ్న పనికొచ్చింది.

అయినా ఈ ప్రయోగాల్లో కంతలు మిగిలే ఉండేవి. అప్పటి డిటెక్టర్లు చాలా ఫోటాన్లని పట్టుకోలేకపోయేవి, పట్టుకున్నవే మనల్ని మోసం చేస్తున్నాయేమో అన్న అనుమానం ఒకటి. దూరం సరిపోలేదేమో అన్నది ఇంకొకటి. రెండిటినీ ఒకే ప్రయోగంలో మూసేయడం 2015లో కుదిరింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు వజ్రపు ముక్కల్లోని ఎలక్ట్రాన్లని ముడివేశారు. ముడి పడటం ఎంత అరుదంటే, రోజుల తరబడి నడిపితే లెక్కకి వచ్చినవి 245. రాశి విలువ 2.42, అంటే హద్దైన 2 కంటే ఎక్కువ. అదే ఏడాది వియన్నాలో, అమెరికాలోని బోల్డర్‌లో ఫోటాన్లతో ఇదే తేలింది. 2017లో చైనా ఉపగ్రహం మిసియస్ నుంచి వచ్చిన ఫోటాన్ల జతలు నేలమీద 1200 కిలోమీటర్ల ఎడంలో కూడా ముడి వీడలేదు. కోణాల ఎంపికే ముందుగా నిర్ణయమైపోయి ఉంటే అన్న చివరి అనుమానానికి, వందల కోట్ల ఏళ్ల కిందట క్వేజార్ల (చాలా దూరపు గెలాక్సీల వెలుగు కేంద్రాలు) నుంచి బయల్దేరిన కాంతితో కోణాలు ఎంచే ప్రయోగం కూడా 2018లో చేశారు.

బెల్ ఈ చివరి ప్రయోగాలేవీ చూడలేదు, 1990లో 62 ఏళ్లకే పోయాడు. ఫ్రీడ్‌మన్ 2012లో పోయాడు.

అంకె తేలిపోయింది, అర్థం మాత్రం తేలలేదు. చీటీ లేదని ఒప్పుకున్నాక దేన్ని వదులుకోవాలి? దూరపు వస్తువుల మీద తక్షణ ప్రభావం ఉండదన్న నమ్మకాన్నా, కొలవక ముందే విలువలుంటాయన్న నమ్మకాన్నా, కొలతకి ఒకే ఫలితం ఉంటుందన్న నమ్మకాన్నా? బోమ్ అనుచరులు మొదటిది వదిలేస్తారు, బోర్ దారిలో వెళ్లేవాళ్లు రెండోది, హ్యూ ఎవరెట్ 1957లో మొదలుపెట్టిన అనేక ప్రపంచాల వాళ్లు (ప్రతి ఫలితమూ ఒక్కో ప్రపంచంలో జరుగుతుందనేవాళ్లు) మూడోది. క్వాంటం మెకానిక్స్‌కి నూరేళ్లు నిండిన సందర్భంగా 2025లో ‘నేచర్’ పత్రిక ఫిజిసిస్టుల అభిప్రాయం అడిగితే 1100 మందికి పైగా జవాబిచ్చారు. బోర్ సంప్రదాయమైన కోపెన్‌హేగన్ వ్యాఖ్యానం వైపు నిలిచినవాళ్లు 36 శాతం, అనేక ప్రపంచాల వైపు 15 శాతం. మిగతావాళ్లు ఇంకా రకరకాల చోట్ల ఉన్నారు, అందరూ వాడే సమీకరణాలు మాత్రం అవే.