హ్యూగో గొడవ మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తోంది: 2023 జూన్ ఈమెయిల్స్ కథ

వరల్డ్‌కాన్ అని ఏటా ఒక ఊళ్ళో జరిగే సైఫై ఫాంటసీ అభిమానుల సభ ఉంది, దాని మెంబర్లే నామినేట్ చేసి ఓటేసి ఇచ్చే అవార్డు హ్యూగో. ఆ హ్యూగో నామినేషన్ల ఊసు ఎత్తితే చాలు, సైఫై ఫాంటసీ చదివేవాళ్ళ మధ్య ఇప్పుడు ఒకటే మాట. మన ఓటు నిజంగా లెక్కేస్తున్నారా, మనం రాసుకునేవి ఎవరు చదువుతున్నారు, ఎందుకోసం చదువుతున్నారు అని. 1953లో ఫిలడెల్ఫియాలో ఈ అవార్డు ఎలా మొదలైందో, దానికి పాతకాలపు సైఫై పత్రిక సంపాదకుడు హ్యూగో గెర్న్స్‌బాక్ పేరు ఎందుకు పెట్టారో చాలామంది చాలాసార్లు రాశారు కాబట్టి నేను అటు వెళ్ళను. 2015లో పప్పీలు అని పేరు పెట్టుకున్న గ్రూపులు జాబితాలు పంచి బ్యాలెట్, అంటే చివరి ఓటింగ్‌కి వెళ్ళే పేర్ల జాబితా, అంతా నింపేయడం, మిగతా ఓటర్లకి ఒళ్ళు మండి ఐదు విభాగాల్లో అసలెవరికీ అవార్డే వద్దని ఓటేయడం కూడా తెలిసిన కథే. ఆ జబ్బుకి మందు లెక్కల్లో దొరికింది, నామినేషన్లు లెక్కేసే పద్ధతి మార్చారు, 2017 నుంచి కొత్త పద్ధతే నడుస్తోంది. ఇప్పుడున్న జబ్బు అది కాదు.

నాకు అర్థమైనంతలో అసలు మలుపు 2023 జూన్. ఆ ఏడాది వరల్డ్‌కాన్ చైనాలోని చెంగ్డూలో. హ్యూగో బ్యాలెట్ చూసే టీమ్‌కి లోపల్లోపల ఒక ఈమెయిల్ వచ్చింది. మామూలుగా చూసే అర్హతలు, అంటే పుస్తకం ఏ ఏడాది వచ్చింది, ఎన్ని పదాలుంది లాంటివి, చూడ్డంతో పాటు ఈసారి చైనాలో జరుగుతోంది కాబట్టి రాజకీయంగా సున్నితమైనది ఏదైనా కనిపిస్తే గుర్తుపెట్టి చెప్పమని. చైనా, తైవాన్, టిబెట్ లాంటి విషయాలన్నమాట. అక్కణ్ణుంచి ఆ టీమ్ రచయితల మీద, ఫ్యాన్స్ మీద చిన్న చిన్న ఫైల్స్ తయారుచెయ్యడం మొదలుపెట్టింది. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోవాలి, ఆ ఫైల్స్ రాసింది చైనా అధికారులు కాదు, ఉత్తర అమెరికాలో కూర్చున్న వాలంటీర్లు, అదే ఫ్యాండమ్‌లో, అంటే అభిమానుల లోకంలో, ఏళ్ళ తరబడి తిరిగిన మనుషులు.

ఇది ఎందుకంత నొప్పో తెలియాలంటే ఫ్యాన్ రైటర్ అనే విభాగం గురించి కొంచెం చెప్పాలి. 1967 నుంచి ఉంది. డబ్బు కోసం కాకుండా ఇష్టంకొద్దీ రాసేవాళ్ళకి ఇచ్చే హ్యూగో. పగలంతా వేరే ఉద్యోగం చేసుకుని, రాత్రి ఒక పుస్తకం చదివి, అది తనకెందుకు నచ్చిందో ఎక్కడ బోరు కొట్టిందో రాసుకుంటూ, అలా పదేళ్ళు ఇరవయ్యేళ్ళు ఆపకుండా రాసేవాళ్ళు ఉన్నారు, డేవిడ్ లాంగ్‌ఫర్డ్ అయితే ఈ ఒక్క విభాగంలోనే 21 సార్లు గెలిచారు. ఒకప్పుడు స్టెన్సిల్ కోసి ఇంట్లోనే అచ్చేసుకున్న ఫ్యాన్‌జైన్లలో, అంటే అభిమానుల పత్రికల్లో రాసేవాళ్ళు, ఇప్పుడు నెట్‌లో రాస్తున్నారు, రూల్స్ కూడా దానికి ఒప్పుకుంటాయి. ఈ రాతలకి తలుపులుండవు. పాత పోస్టులు, ప్రయాణాల కబుర్లు, ఎప్పుడో కోపంలో అన్న మాట, అన్నీ అలా తెరిచే ఉంటాయి, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. తోటి పాఠకుడి కోసమని నమ్మి రాసిన ఆ రాతల్నే తీసుకెళ్ళి, వీడివల్ల మనకేమైనా ఇబ్బందా అని వెతికారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

ఒక ఫైల్ సంగతి చూడండి. పాల్ వైమర్ అనే ఆయన ఏళ్ళుగా సైఫై ఫాంటసీ రివ్యూలు రాస్తున్నారు, అంతకుముందు ఫ్యాన్ రైటర్‌కి ఫైనలిస్ట్ కూడా. ఆయన మీద తయారైన నోట్‌లో ఆయన టిబెట్ వెళ్ళొచ్చారని రాశారు. ఆయన టిబెట్ వెళ్ళనే లేదు, వెళ్ళింది నేపాల్‌కి. వెళ్ళినా తప్పేంటి అన్నది వేరే మాట, కనీసం ఏ దేశం వెళ్ళాడో కూడా సరిగ్గా చూసుకోకుండా రాసిన కాగితం అది, చివరికి ఆ ఏడాది ఆయన పేరు బ్యాలెట్ మీద లేదు. ఇంకో చోట ఆర్.ఎఫ్. క్వాంగ్ నవల బేబెల్ గురించి, అందులో చైనా గురించి చాలా ఉంది, నేనైతే చదవలేదు అన్న అర్థంలో ఒక నోట్. అదే ఏడాది, సైఫై రచయితల సంఘం ఇచ్చే నెబ్యులా అవార్డు గెలిచిన నవల అది. చదవకుండానే ఒక పుస్తకం మీద గుర్తు పెట్టేశారు, అదీ పుస్తకాలు చదివేవాళ్ళ అవార్డులో.

ఇదంతా అప్పుడు బయటివాళ్ళకి తెలియదు. అక్టోబర్ 22న వరల్డ్‌కాన్ అయిపోయింది. నామినేషన్ల లెక్కలు మామూలుగా అవార్డులిచ్చిన రాత్రే పెట్టేస్తారు, రూల్ మాత్రం 90 రోజుల్లోపు అంటుంది. చెంగ్డూ లెక్కలు 2024 జనవరి 20న వచ్చాయి, అంటే సరిగ్గా తొంభయ్యో రోజున. చూస్తే బేబెల్ పక్కన అర్హత లేదు అని ఉంది, పాల్ వైమర్ పక్కన అర్హత లేదు, శాండ్‌మన్ టీవీ సిరీస్‌లో ఒక ఎపిసోడ్ పక్కన, కొత్త రచయితలకిచ్చే అస్టౌండింగ్ అవార్డు జాబితాలో షిరాన్ జే జావో పేరు పక్కన కూడా అదే. కారణం ఎక్కడా లేదు. పైగా అంకెలే వింతగా ఉన్నాయి, కొన్ని విభాగాల్లో పైన నాలుగైదు పేర్లకి వందల్లో నామినేషన్లు, ఆ కింద వరుసకి రాగానే కొండ అంచు నుంచి దూకినట్టు ఒక్కసారిగా పడిపోవడం. ఇద్దరు ఫ్యాన్స్ కూర్చుని ఆ అంకెల్ని ఒక్కొక్కటి తవ్వి రాసిన పరిశీలన తర్వాత 2025లో హ్యూగో ఫైనలిస్ట్ అయింది.

నిర్వాహకుల వైపు నుంచి వచ్చిన జవాబు చిన్నది. వరల్డ్‌కాన్ రాజ్యాంగం, మేం పాటించాల్సిన రూల్స్ చూసుకున్నాక ఆ రచనలకి అర్హత లేదని తేల్చాం, అంతే. ఏ రూల్ అని ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా అదే వాక్యం. వేరే దేశపు చట్టాల కింద వేలమంది వచ్చే ఈవెంట్ నడపడం కష్టమే, కాదనను, జీతాల్లేని వాలంటీర్లు కూడాను, కానీ ఆ కష్టం ఓటేసినవాళ్ళకి ముందే చెప్పొచ్చు కదా. జనవరి నెలాఖరుకి వరల్డ్‌కాన్ ట్రేడ్‌మార్కులు చూసే సంస్థ నలుగురిని అధికారికంగా మందలించింది, ఇద్దరు పదవులు వదిలేశారు. ఫిబ్రవరి 14న క్రిస్ బార్క్‌లీ, జేసన్ శాన్‌ఫర్డ్ ఆ జూన్ ఈమెయిల్స్‌తో సహా రిపోర్టు బయటపెట్టారు. టీమ్‌లో పనిచేసిన డయాన్ లేసీ తనే ఆ మెయిల్స్ ఇచ్చి, క్షమాపణ చెప్పి, పేరు దాచుకోకుండా నిలబడ్డారు. ఇంకో సంగతి, చెంగ్డూలో ఫ్యాన్ రైటర్ హ్యూగో గెలిచింది ఈ బార్క్‌లీనే. తనకొచ్చిన అవార్డు మీదే మచ్చ పడుతుందని తెలిసీ ఆయన ఆ రిపోర్టు రాశారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే ఈ కథలో చైనా పాఠకుల్ని దొంగలుగా చూపించే రాతలు చాలా వచ్చాయి. 2021 డిసెంబర్‌లో, 2023 వరల్డ్‌కాన్ ఏ ఊళ్ళో జరగాలన్న ఓటింగ్‌లో చెంగ్డూకి 2,006 ఓట్లు, కెనడాలోని విన్నిపెగ్‌కి 807. చాలా ఓట్లలో వీధి చిరునామా లేదని అప్పుడే పేచీ పెట్టారు. కానీ వాళ్ళు డబ్బు కట్టి మెంబర్లైన పాఠకులు, దశాబ్దాలుగా సైఫై చదువుతున్న దేశం వాళ్ళు, మొదటిసారి తమ దగ్గరికి వచ్చిన వరల్డ్‌కాన్‌కి సంబరపడి నామినేషన్లు వేశారు. శాన్‌ఫర్డ్, బార్క్‌లీ రిపోర్టు ప్రకారం వాళ్ళ నామినేషన్లలో కూడా చాలా తీసేశారు, ఒక చైనా పత్రిక సిఫార్సుల జాబితా ఇచ్చింది కాబట్టి అది స్లేట్ అట, అంటే అందరూ ఒకేలా ఓటేయడానికి ముందే పంచుకునే జాబితా. పప్పీల స్లేట్లు బ్యాలెట్ నిండా ఉన్న 2015లో ఎవరూ ఒక్క ఓటు కూడా కొట్టెయ్యలేదు, ఓటర్లే తేల్చుకున్నారు. ఇంగ్లీషులో రాసేవాళ్ళ పేర్లు పోయాయని ఎంత గోల జరిగిందో, చైనీస్‌లో రాసేవాళ్ళ గురించి అందులో సగం కూడా జరగలేదు.

మరి ఇలా ఎలా కుదిరింది? వరల్డ్‌కాన్‌కి శాశ్వతమైన ఆఫీసు లేదు, ఏ ఏడాది టీమ్ ఆ ఏడాదికి రాజు. రూల్ మార్చాలంటే వరసగా రెండేళ్ళు రెండు ఊళ్ళలో జరిగే మీటింగుల్లో పాసవ్వాలి. అందాకా మొత్తం నమ్మకం మీదే నడుస్తుంది.

2024లో వరల్డ్‌కాన్ నడిపిన గ్లాస్గో టీమ్ ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి గట్టిగానే కష్టపడింది. ఫైనలిస్టుల్ని ప్రకటించిన రోజే ఎవరికి ఎందుకు అర్హత లేదో కారణంతో సహా పెట్టేశారు. జూలైలో 377 ఓట్లు కొట్టేశారు, అది కూడా దాచలేదు. ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రం అక్షరమాల వరసలో మారుతూ మిగతాదంతా ఒకటేగా ఉన్న ఓటర్లు, వరస అంకెల్నే అనువదించి పేర్లుగా పెట్టుకున్న ఓటర్లు, అవి ఎలా పట్టుకున్నారో వివరంగా చెప్పారు. ఆ ఓట్లవల్ల లాభపడే ఫైనలిస్ట్ పేరు బయటపెట్టలేదు, ఆ మనిషికి దీంతో సంబంధం ఉందన్న ఆధారం లేదు కాబట్టి. ఆ ఏడాది ఫ్యాన్ రైటర్ హ్యూగో పాల్ వైమర్‌కి వచ్చింది.

అంతా సర్దుకుంది అనుకునేలోపు 2025 సియాటిల్ వరల్డ్‌కాన్. ప్యానెళ్ళలో మాట్లాడతామని పేర్లిచ్చిన వాళ్ళ గురించి చాట్‌జీపీటీని అడిగి ఆరా తీశారని ఏప్రిల్ నెలాఖర్లో బయటికొచ్చింది. అప్లై చేసినవాళ్ళు 1,300 పైనే. హ్యూగోలకి దాన్ని వాడలేదని చెప్పారు, క్షమాపణ కూడా చెప్పారు. యూన్ హా లీ తన నవలని, హ్యూగోలతో పాటే టీనేజ్ పుస్తకాలకిచ్చే లోడ్‌స్టార్ అవార్డు పోటీ నుంచి వెనక్కి తీసుకున్నారు. హ్యూగోలు చూసే ముగ్గురు రాజీనామా చేశారు, అందులో నికొలస్ వైట్ ఉన్నారు, ముందు ఏడాది గ్లాస్గోలో లెక్కలన్నీ బయటపెట్టి పరువు నిలిపిన మనిషే. చాలామంది దీన్ని ఏఐ గొడవగా చూశారు, నాకు మాత్రం అది చెంగ్డూ ఫైల్స్‌కి తమ్ముడిలా కనిపించింది. మళ్ళీ అదే పని, ఒక మనిషి నెట్‌లో ఉంచిన బతుకంతా ఆ మనిషికి తెలియకుండా జల్లెడపట్టడం, ఈసారి అది కూడా మనిషి చదవకుండా మెషీన్‌తో చదివించి.

అందుకే ఇప్పుడు ప్రతి కొత్త టీమ్‌ని జనం అడుగుతున్నది ఓట్ల లెక్క ఒక్కటే కాదు. మా గురించి ఎవరు చదువుతారు, ఏం వెతుకుతారు, ఏదైనా దొరికితే మాకు చూపిస్తారా అని. చూపించడానికి పెద్ద ఖర్చేం లేదు. 2023 జూన్‌లో ఆ కాగితం వైమర్‌కి ఒక్కసారి పంపించుంటే, అది టిబెట్ కాదండీ, నేపాల్ అని ఒక్క నిమిషంలో చెప్పుండేవారు.